చేపల పుస్తకానికి గడువు

గ్రంథాలయాల ప్రధాన కార్యాలయంలో ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ సర్వరమ్మ. ఎదురుగా ఉన్నంతసేపూ మేడమ్ అంటారు, అటు తిరగ్గానే సర్వరమ్మ అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. అమ్మ అనే కదా అన్నారు, ఇంకో మాట అనలేదు కదా అని సరిపెట్టుకుంది.

ఊళ్లో ఉన్న శాఖా గ్రంథాలయాలన్నిటికీ కలిపి ఒకటే సర్వరు. ఏ పుస్తకం ఏ అరలో ఉంది, ఎవరు పట్టుకెళ్లారు, ఎప్పటికి తిరిగి తేవాలి అన్నదంతా దాని కడుపులోనే ఉంటుంది. నేలమాళిగలో ఒక చల్లగదిలో అది, అద్దాల తలుపుకి ఇవతల ఈవిడ. మండుటెండల్లో కూడా స్వెట్టరు వేసుకుని కూర్చుంటుంది. ఆ గదికి కిటికీ లేదు. బయట వాన పడుతోందో లేదో పైనుంచి వచ్చినవాళ్ల చెప్పులు చూసి తెలుసుకోవాలి, వచ్చేవాళ్లేమో బహు తక్కువ. ఫోను మోగిందంటే ఎక్కడో ఏదో ఆగిపోయిందని అర్థం. అన్నీ సవ్యంగా నడుస్తున్నంతకాలం సర్వరమ్మ అనే మనిషి ఒకర్తె ఉందని ఎవరికీ జ్ఞాపకం రాదు. పని బాగా చేసేవాళ్లకి లోకం ఇచ్చే బహుమానం ఇదే.

ఆ సర్వరు ఉన్నట్టుండి ఒక వారం రొప్పడం మొదలుపెట్టింది. దాన్ని రొప్పిస్తున్నది ఒక తండ్రి ఎదురుచూపని, దాన్ని బాగుచేస్తే ఆ తండ్రికి మిగిలిన ఒకే ఒక్క ఆధారం తెగిపోతుందని అప్పటికి ఎవరికీ తెలియదు. బాగుచేయబోయే సర్వరమ్మకి అసలే తెలియదు.

ముందు ఆవిడ సంగతి కాస్త చెప్పాలి. ఆవిడకి పెళ్లయింది, విడిపోవడమూ అయింది. మొగుడు కళ్లజోళ్ల దుకాణం నడిపేవాడు, మంచివాడే. సర్వరు పిలిచినప్పుడల్లా ఈవిడ పరిగెత్తేది, ఆయన దుకాణం కట్టేసి వచ్చేసరికి ఇంటికి తాళం ఉండేది. గొడవలు పడి విడిపోయారంటే అబద్ధం. గొడవ పడాలన్నా ఇద్దరూ ఒకచోట ఉండాలి కదా. ఇప్పుడు ఆ ఇంట్లో రెండు కుర్చీలు మిగిలాయి. ఒకదాంట్లో ఆవిడ కూర్చుంటుంది, రెండోదాంట్లో ఇస్త్రీకి వెయ్యాల్సిన బట్టలు కూర్చుంటాయి. వేరే ఊళ్లో ఉన్న అక్క అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఒక్కదానివే ఎలా ఉంటున్నావే అని అడుగుతుంది. ఒక్కదాన్నే అని ఎవరన్నారు, సర్వరు ఉంది కదా అంటుంది ఈవిడ. అక్క నవ్వుతుంది, ఈవిడా నవ్వుతుంది. ఫోను పెట్టేశాక ఇల్లు మరీ ఖాళీగా తోస్తుంది. ఆ ఖాళీ అంటే సర్వరమ్మకి భయం. ఆ మాట ఎవరితోనూ అనలేదు గానీ, పొద్దున్నే అందరికన్నా ముందు ఆఫీసు మెట్లు దిగేది మాత్రం ఆ భయంతోనే.

రోగం సంగతి మొదట చెప్పింది స్టేషను దగ్గరి శాఖలో కౌంటరు అమ్మాయి. పుస్తకం మీద బార్‌కోడు కొడితే తెరమీద చక్రం తిరుగుతూనే ఉందని, క్యూ వాకిలి దాటిపోయిందని, ఒకాయన పుస్తకం అక్కడే పడేసి వెళ్లిపోయాడని ఏకరువు పెట్టింది. కాసేపటికి మిగతా శాఖలూ అందుకున్నాయి. సర్వరమ్మ తెర తెరిచి చూసింది. ప్రాసెసరంటే సర్వరు బుర్ర. ఏ పని ఆ బుర్రని ఎంత తింటోందో చూపించే పట్టిక ఒకటుంటుంది. మామూలు రోజుల్లో ఆ బుర్ర సగం నిద్రలో ఉంటుంది. ఆ రోజు నూటికి నూరూ పనిలోనే ఉంది. పట్టికలో అందరికన్నా పైన డేటాబేసు, అంటే లెక్కలన్నీ దాచే కొట్టు, కూర్చుని ఉంది. డేటాబేసు తింటోందంటే కారణం తెలిసినట్టు కాదు. ఇంట్లో సరుకులు అయిపోతున్నాయంటే వంటిల్లే కారణం అన్నట్టు ఉంటుంది ఆ మాట.

డైరెక్టరుగారికి కంప్యూటర్ల విషయంలో ఒకే ఒక్క వైద్యం తెలుసు. ఆపి మళ్లీ పెట్టమన్నారు. ఆపి మళ్లీ పెట్టింది. కాసేపు హాయిగా నడిచింది, మళ్లీ మొదటికొచ్చింది. ఇక చూడాలి, రోగం పేరు తెలియనప్పుడు ఊళ్లో ప్రతివాడూ వైద్యుడే. వైరస్సు అన్నారొకరు. పాతబడిపోయింది పారెయ్యమన్నారింకొకరు. జీతాల గుమాస్తా అయితే గాలి తగలక అలా అయిందేమో, కిటికీ పెట్టించమని సలహా ఇచ్చాడు, సర్వరుకో ఆవిడకో చెప్పలేదు. సర్వరమ్మ అన్నిటికీ తల ఊపి, అన్నీ వెతికింది. వైరస్సు లేదు. రోజూ లెక్కలకి నకళ్లు తీసి దాచే పని దాని వేళకి అది ముగిసిపోతోంది. ఇంటర్నెట్టులోని వెతుకులాట యంత్రాలేవో వచ్చి మీద పడుతున్నాయేమోనని తలుపులు బిగించి చూసింది. తేడా లేదు.

ఈలోగా వారాంతపు సెలవు వచ్చింది. ఆ రోజు శాఖలన్నీ మూత. అయినా సర్వరమ్మ వచ్చి కూర్చుంది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా, తెరమీద ప్రాసెసరు బరువు చూపించే గీత నేలకి అంటుకుపోయి, నిద్రపోతున్న పిల్లలా పడుకుంది. సెలవు రోజు రాకపోయి ఉంటే ఆ సంగతి తెలిసేదే కాదు. పని మీద ఎంత ప్రేమండీ మీకు అని డైరెక్టరుగారు తరవాత మెచ్చుకున్నారు. ఇంట్లో ఏం చెయ్యాలో తోచక వచ్చానని ఆవిడ చెప్పలేదు.

అంటే దీనికి కారణం యంత్రం కాదు, మనిషి. తలుపులు తెరవగానే వచ్చి మూసేదాకా ఉండే మనిషి. ఆలస్యంగా జవాబు దొరికే ప్రశ్నలన్నిటినీ రాసిపెట్టమని డేటాబేసుకి పురమాయించింది. మర్నాడు శాఖలు తెరిచారో లేదో, ఒకే ప్రశ్న వరసగా రావడం మొదలుపెట్టింది. ఫలానా కార్డు మీద మొదటినుంచి ఇంతవరకూ జరిగినదంతా చూపించు. జవాబు రాకముందే మళ్లీ అదే ప్రశ్న. అది తేలకముందే మళ్లీ. కార్డు ఒకటే. అడుగుతున్న కంప్యూటరూ ఒకటే, స్టేషను శాఖ చదువుల గదిలో జనం కోసం పెట్టినది.

డైరెక్టరుగారు విని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. ఆ కార్డు రద్దు చేసెయ్యండి, పీడ విరగడైపోతుందన్నారు. సర్వరమ్మకి ఎందుకో రోషం వచ్చింది. ఒక మనిషి తన కార్డు తను చూసుకున్నంత మాత్రాన సర్వరు పడిపోకూడదు. పడిపోయిందంటే తప్పు చూసేవాడిది కాదు, చూపించేదాన్ని కట్టినవాళ్లది. ఆ కట్టినవాళ్లలో తనూ ఉంది. ఒక్క రోజు ఆగమని బతిమాలి, స్వెట్టరు విప్పి కుర్చీకి తగిలించి, బస్సెక్కింది.

స్టేషను శాఖ చదువుల గది పొడుగ్గా ఉంటుంది. దినపత్రికలు చెక్క కడ్డీలకి వేలాడుతుంటాయి. కుర్చీ కాళ్లకి రబ్బరు తొడుగులు, నేల మీద అవి గీసిన నల్లటి చారలు. చివర్లో గోడవైపున్న కంప్యూటరు దగ్గర ఇస్త్రీ చొక్కాలో ఒక పెద్దాయన నిటారుగా కూర్చుని ఉన్నాడు. చేతిలో ఎర్ర పెన్సిలు. దాని మొద్దు చివరతో ఒకే మీట మీద పొడుస్తున్నాడు. పేజీ రాదు, మళ్లీ పొడుస్తాడు. రాదు, మళ్లీ పొడుస్తాడు. పేజీ ఆలస్యమయ్యేకొద్దీ ఆయన ఎక్కువ నొక్కుతున్నాడు, ఆయన నొక్కేకొద్దీ పేజీ ఇంకా ఆలస్యమవుతోంది. పొడుపు పడినప్పుడల్లా అక్కడ నేలమాళిగలో సర్వరు ఒక కొత్త బరువు నెత్తికెత్తుకుంటోందని ఆయనకేం తెలుసు.

"ఆయన ప్రూఫుల తాతగారండి," అంది కౌంటరు అమ్మాయి. "ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవారట. ఎవరి జోలికీ పోరు. మా నోటీసు బోర్డులో తప్పులు దిద్దడం తప్ప ఇంకే గొడవా లేదు."

సర్వరమ్మ పక్క కుర్చీ లాక్కుని కూర్చుని, తను ఫలానా అని చెప్పుకుంది. పెద్దాయన చప్పున పెన్సిలు కింద పెట్టేశాడు, దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు. ఎవరైనా కంప్యూటరు అడిగితే వెంటనే లేచిపోతానని, ఇంతవరకూ ఎవరినీ ఆపలేదని గబగబా సంజాయిషీ ఇచ్చుకున్నాడు. అదేం లేదండీ, మీ పేజీ ఎందుకు ఆలస్యమవుతోందో చూద్దామని వచ్చానంది. ఆ మాటతో ఆయన ముఖం వికసించింది. ఎన్నాళ్లనుంచో ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారని కూర్చున్నట్టు, చెప్పడం మొదలుపెట్టాడు.

భార్య పోయాక ఇంట్లో ఆయనా కూతురూ మిగిలారు. ఆయనకి చేతిలో పెన్సిలు లేకపోయినా దిద్దే అలవాటు పోలేదు. కూతురు కూర్చున్న తీరు, కట్టుకున్న బట్ట, మాట్లాడిన మాట, చేరిన ఉద్యోగం, అన్నిటికీ పక్కన ఒక గీత పెట్టేవాడు. ఒక రోజు ఆ పిల్ల, ఇక నా ప్రూఫులు దిద్దొద్దు నాన్నా అని, సంచి సర్దుకుని వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ ఆయన గ్రంథాలయం కార్డు పట్టుకెళ్లింది. కావాలని కాదేమో, ఆ సంచిలో ఉండిపోయిందేమో. తరవాత ఏళ్లు గడిచాయి. ఎక్కడుందో చెప్పలేదు. కార్డు తీసుకున్నప్పుడు దానికి ఒక మెయిలు కావాలంటే ఆ మెయిలు కూడా కూతురే తెరిచిపెట్టింది, దాని పాస్‌వర్డు ఆ పిల్ల దగ్గరే ఉంది. తనకంటూ ఇంకో మెయిలు తెరిపించుకుని, ఆ మెయిలుకి ఆయన చాలా ఉత్తరాలు రాశాడు. క్షమించమని రాశాడు, రమ్మని రాశాడు, రాకపోయినా ఫరవాలేదని రాశాడు. ఒక్కదానికీ జవాబు లేదు. ఆ మెయిలు తెరవడమే మానేసి ఉంటుందని సరిపెట్టుకున్నాడు.

ఒకసారి ఏదో పుస్తకం కోసం వచ్చి, తన కార్డు నంబరు కొట్టి చూస్తే, తను తీసుకోని పుస్తకం ఒకటి దానిమీద కనిపించింది. అద్దాల తొట్టెలో చేపల్ని ఎలా పెంచాలో చెప్పే పుస్తకం. ఇల్లు వదిలిన తరవాతి వారం తీసుకుంది. ఇంకా తిరిగి ఇవ్వలేదు. రెండు వారాలకోసారి గడువు పొడిగిస్తూనే ఉంది.

"చేపల్ని పెంచుతోందంటే ఒక చోట కుదురుగా ఉన్నట్టే కదమ్మా," అన్నాడాయన. "తొట్టె పట్టుకుని ఊళ్లు తిరగలేరు. పొద్దునా సాయంత్రం వాటికి మేత వెయ్యాలి. నీళ్లు మార్చాలి. అంటే ఒంట్లో బాగానే ఉన్నట్టు."

అదే పుస్తకం ఇంకో ప్రతి బయట దుకాణంలో కొని మొదటినుంచి చివరిదాకా చదివాడట. రెండు అచ్చుతప్పులున్నాయట. కూతురు ఏ రకం చేపల్ని ఎంచుకుని ఉంటుందో కూడా ఆలోచించి పెట్టుకున్నాడు. సర్వరమ్మ వింటూ, అలా అయితే రెండు వారాలకోసారి చూస్తే సరిపోతుంది కదండీ, రోజంతా నొక్కడం ఎందుకని మెల్లగా అడిగింది. ఆయన కాస్త సిగ్గుపడ్డాడు.

"ఎప్పుడూ నేను వచ్చేలోపే పొడిగించేస్తోందమ్మా. చిన్నప్పటినుంచీ చీకటితో లేచే పిల్ల. ఎప్పుడైనా పగటిపూట చెయ్యకపోతుందా అని నా ఆశ. అప్పుడు నేనూ ఇదే పేజీ చూస్తుంటే, ఇద్దరం ఒకే వేళకి ఒకే చోట ఉన్నట్టు కదా."

 పేజీ తొందరగా వచ్చేలా చేస్తానని మాటిచ్చి సర్వరమ్మ లేచింది. తిరుగు బస్సులో ఆవిడకి చాలా రోజుల తరవాత మనసు తేలికైంది. ఒక మనిషికి ఉపయోగపడే పని చేతిలో ఉందనిపించింది. ఆ సంతోషం ఎంతసేపు నిలిచిందో చూడండి.

బల్ల దగ్గర కూర్చుని ఆ కార్డు చరిత్రంతా తెర మీద పరిచింది. మామూలు కార్డుకి తీసుకున్నవి, ఇచ్చినవి కలిపి ఒక తెర నిండితే గొప్ప. ఈ కార్డుకి కిందికి జరిపేకొద్దీ వరసలు వస్తూనే ఉన్నాయి. అన్నీ ఆ ఒక్క చేపల పుస్తకం పొడిగింపులే. పేజీ తెరిచినప్పుడల్లా ఆ వరసల్లో ఒక్కొక్కదాని కోసం సర్వరు మొత్తం గ్రంథాలయాల లావాదేవీలన్నీ మొదటినుంచి తిరగేస్తోంది, చివర్లో సూచిక లేని పుస్తకంలో ఒక మాట కోసం ప్రతి పుటా తిప్పినట్టు. ఏళ్ల తరబడి వరసలు పేరుకున్నాయి, బరువు పెరిగింది. అదీ రోగం. డేటాబేసుకి ఒక సూచిక కట్టి ఇస్తే సరి, చిటికెలో పని.

ఆ చిటికెలో పని చేసే ముందు, ఒకే పుస్తకాన్ని ఇన్నిసార్లు పొడిగించనిచ్చిందేమిటా ఈ సర్వరు అని అనుమానం వచ్చింది. మూల పట్టిక తెరిచింది. చదివేవాళ్లకి చూపించే పేజీలో గడువు పెరిగిందన్న ముక్కే ఉంటుంది గానీ, మూల పట్టికలో ఆ పని ఎవరు చేశారో కూడా ఉంటుంది. మొదటి వరసలో పుస్తకం తీసుకున్నది సభ్యులు అని ఉంది. దాని కింద వరసలో యంత్రం అని ఉంది. దాని కింద యంత్రం. దాని కింద యంత్రం. చివరిదాకా అంతే. వేళ కూడా ఒక్కటే, తెల్లవారకముందు.

చంకలో పిల్లవాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ఆ యంత్రం వేరెవరిదో కాదు, ఆవిడ రాసినదే. ముసలివాళ్లు గడువు మర్చిపోయి జరిమానాలు కడుతున్నారని జాలిపడి, వేరెవరూ అడగని పుస్తకమైతే దాని గడువు దానంతటదే పెరిగేలా ఎప్పుడో ఒక చిన్న ప్రోగ్రాము రాసింది. మంచిపనే. ఎక్కడ ఆగాలో మాత్రం రాయలేదు. చేపల పుస్తకాన్ని ఈ ఊళ్లో ఇంకెవరూ అడగలేదు. అందుకని ఆ ప్రోగ్రాము ఏళ్ల తరబడి, ఎవరూ చెప్పకుండానే, దాని గడువు పెంచుకుంటూ వచ్చింది. కూతురు చేత్తో జరిగింది మొదటి రోజు ఒక్కటే. ఆ తరవాత ఆ పిల్ల ఎక్కడుందో, ఎలా ఉందో, అసలు ఉందో లేదో, ఆ వరసలకి ఏమీ తెలియదు.

సూచిక కట్టింది. ప్రాసెసరు గీత చూస్తుండగానే జారి నేలకి దిగింది. శాఖలన్నిటినుంచీ ఒక్క ఫోనూ రాలేదు. డైరెక్టరుగారు మాత్రం స్వయంగా మెట్లు దిగి వచ్చి అభినందించారు. పొడిగింపుల సంగతి విని, మరీ ఇంత ధర్మమేమిటండీ, మూడుసార్లు దాటితే ఆపి, పుస్తకం తెమ్మని నోటీసు పంపించమని ఉత్తరువు ఇచ్చారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు.

సర్వరమ్మ ఆ మార్పు రాయడానికి కూర్చుంది. మూడుసార్ల నియమం పెట్టి, ఈ ఒక్క పుస్తకాన్ని వదిలెయ్యి అని ఒక్క ముక్క చేర్చితే చాలు. ఎవరికీ తెలియదు. పేజీ తొందరగా తెరుచుకుంటుంది, సర్వరుకి బరువుండదు, ఆ పెద్దాయన బతికున్నంతకాలం ఆయన కూతురు చేపల్ని పెంచుతూనే ఉంటుంది. ఆ ముక్క రాసింది కూడా. రాసి, దానివంక చూసింది. ఇంతవరకూ జరిగింది పొరపాటు. ఇకమీదట జరిగేది తను తెలిసి ఆడించే నాటకం. రెండు వారాలకోసారి ఒక ముసలాయనకి కూతురిలా తను జవాబివ్వాలి. చేతులు రాలేదు. ఆ ముక్క చెరిపేసింది. చెరిపేశాక, నోటీసు వెళ్లేలోపు నిజం తన నోటితోనే చెప్పాలనుకుంది. నిజం చెబితే మేలే జరుగుతుందని ఆవిడకి చిన్నప్పటినుంచీ గట్టి నమ్మకం. యంత్రాలతో బతికేవాళ్లకి ఆ నమ్మకం తొందరగా పోదు.

మర్నాడు వెళ్లేసరికి పెద్దాయన ఆవిడని చూసి లేచి నిలబడ్డాడు. పేజీ రెప్ప వేసేలోపు వచ్చేస్తోందని, ఆవిడకి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదని అన్నాడు. సర్వరమ్మ కూర్చోమని, తనూ కూర్చుని, దాచకుండా చెప్పింది. ప్రోగ్రాము ఎందుకు రాసిందో, ఏం మర్చిపోయిందో, తెల్లవారకముందే గడువు ఎందుకు పెరుగుతోందో అంతా చెప్పింది. ఆయన ప్రూఫు చదివేవాడిలా, ఒక్కో మాట దగ్గర ఆగుతూ విన్నాడు.

"అయితే మా అమ్మాయి తన చేత్తో చేసింది చివరిసారి ఎప్పుడమ్మా?"

"పుస్తకం తీసుకున్న రోజేనండి. ఆ తరవాతవన్నీ నా ప్రోగ్రామేనండి."

ఆయన తెరవంక చూశాడు. మీట నొక్కలేదు.

"నాకు చెప్పకుండా ఉండాల్సిందమ్మా," అన్నాడు.

కోపంగా అనలేదు. అంటే బాగుండేది. పెన్సిలు జేబులో పెట్టుకుని, పేజీ మూసి, కుర్చీ శబ్దం కాకుండా లోపలికి తోసి, కౌంటరు అమ్మాయికి వస్తానని చెప్పి వెళ్లిపోయాడు. సర్వరమ్మ అక్కడే కూర్చుండిపోయింది. తను మంచిపని చేశానో, ముసలాయన ఇంట్లో దీపం ఆర్పి వచ్చానో ఆవిడకి తేలలేదు.

తరవాత ఆయన రాలేదు. స్టేషను శాఖకి ఏదో ఒక వంకన ఫోన్ చేసి కనుక్కునేది. రావట్లేదండీ, బోర్డులో తప్పులు అలాగే ఉన్నాయండీ అనేది కౌంటరు అమ్మాయి. సర్వరు మాత్రం దివ్యంగా ఉంది. వారమంతా ఏ గీత కోసం తపించిపోయిందో ఆ గీత ఇప్పుడు రోజంతా కింద చదునుగా పడి ఉంటే, దాన్ని చూడబుద్ధి కావడం లేదు. ఆ గీత పైకెగిసినన్నాళ్లూ అవతల ఒక మనిషి ఉన్నాడు. ఇప్పుడు ఎవరూ లేరు. సర్వరమ్మకి తన మీద తనకే చెప్పలేనంత కోపం వచ్చింది, దాని వెనకాలే ఏడుపూ వచ్చింది. నేలమాళిగలో ఏడిస్తే ఉన్న సుఖమేమిటంటే, ఎవరైనా చూస్తారన్న బెంగ ఉండదు.

గడువు ముగిసిన రోజున నోటీసు దానంతటదే వెళ్లింది. ఆ పాత మెయిలుకే. మూసిన ఇంటి గుమ్మంలో ఉత్తరం వేసినట్టే అనుకుంది సర్వరమ్మ. అయినా పొద్దున్న రాగానే ప్రాసెసరు కన్నా ముందు ఆ కార్డు పేజీ తెరిచేది. మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుతూ ఒకసారి, ఇంటికెళ్లే ముందు ఒకసారి. గడువు దాటింది అన్న ఎర్ర అక్షరాలు అలాగే ఉండేవి. పెద్దాయన ఖాళీ చేసిన కుర్చీలో తను కూర్చున్నట్టయిందని ఆవిడకే అనిపించేది. రెండో నోటీసూ వెళ్లింది.

ఒక పొద్దున్న ఆ ఎర్ర అక్షరాలు లేవు. కార్డు మీద పుస్తకాలేవీ లేవు అని ఉంది.

ఊరికి అటు కొసన ఉన్న శాఖలో పుస్తకం వచ్చినట్టు నమోదైంది. సర్వరమ్మ ఫోన్ చేసి ఆ పుస్తకాన్ని అరలో పెట్టొద్దని చెప్పి, బస్సు దొరక్క ఆటో ఎక్కి వెళ్లింది. శాఖ మూసి ఉన్నప్పుడు పుస్తకాలు వెయ్యడానికి బయటి గోడకి ఒక ఇనప పెట్టె ఉంటుంది. తెరిచేసరికి అందులో ఉందని చెప్పాడు కౌంటరతను. ఎవరు వేశారో చూసినవాళ్లు లేరు. చేపల పుస్తకం అట్ట వెలిసింది గానీ పుటలు శుభ్రంగా ఉన్నాయి. నడుమ గ్రంథాలయం కార్డు పెట్టి ఉంది, పెద్దాయన పేరుతో. సర్వరమ్మ నిలబడే పుట పుటా తిప్పింది. ఒక చీటీ గానీ, ఒక గీత గానీ, ఒక్క మాట గానీ ఎక్కడా లేదు.

 అయినా ఇది యంత్రం చేసిన పని కాదు. ఒక మనిషి మెయిలు తెరిచింది, నోటీసు చదివింది, పుస్తకం వెతికి తీసింది, కార్డు జ్ఞాపకం పెట్టుకుని లోపల పెట్టింది, ఈ గోడ దాకా నడిచి వచ్చింది. ఆరిన దీపం మళ్లీ వెలిగించే అవకాశం తనకి దొరికింది. అక్కడే అరల మధ్య నిలబడి, కార్డు వివరాల్లో ఉన్న నంబరుకి ఫోన్ చేసింది. ఇంతకాలం ఫోనులో చెడ్డ వార్తలు వినడమే గానీ, మంచి వార్త చెప్పడం ఆవిడకి కొత్త. మాటలు తొట్రుపడ్డాయి. చేపల పుస్తకం వచ్చిందండీ అంది.



"ఎవరిచ్చారమ్మా?"

"గోడకున్న పెట్టెలో వేసి వెళ్లారండి, ఎవరూ చూడలేదు. కానీ మీ అమ్మాయేనండి. మీ కార్డు లోపలే పెట్టారు. మేం పంపిన నోటీసు చూసుకుని తెచ్చిచ్చారు. ఈ ఊళ్లోనే ఉన్నారండి."

"బతికే ఉంది," అన్నాడాయన. ఆ మాటతో పాటు లోపల ఎక్కడో ఏళ్లుగా బిగబట్టిన ఊపిరి బయటికొచ్చింది. సర్వరమ్మ కళ్లు తుడుచుకుంది. తను చెప్పిన నిజం చివరికి మేలే చేసిందనుకుంది. ఇంకా ఏమైనా అడుగుతాడేమోనని, పుస్తకం ఎలా ఉందో, ఏ శాఖలో ఇచ్చిందో చెబుదామని ఆగింది.

"నోటీసు ఏ మెయిలుకి పంపారమ్మా?"

"మీ కార్డుకి ఉన్నదే కదండీ, ఆ పాత మెయిలుకేనండి."

 

"నేను రాసినవీ దానికే కదమ్మా," అన్నాడు.

అప్పటికి గానీ సర్వరమ్మకి అర్థం కాలేదు. ఆ పిల్ల మెయిలు తెరుస్తూనే ఉంది. క్షమించమన్నదీ, రమ్మన్నదీ, రాకపోయినా ఫరవాలేదన్నదీ అన్నీ చూసి ఉంటుంది. జవాబు ఇచ్చింది మాత్రం గ్రంథాలయానికి.   కౌంటరు దగ్గర ఎవరో పుస్తకాలు తిరిగి ఇస్తున్నారు, బార్‌కోడు కొట్టగానే సర్వరు టక్కున పలుకుతోంది. ఇద్దరిలో ఎవరూ ఫోను పెట్టెయ్యలేదు.